బయటి నిర్మాణాలకు వెదరింగ్ స్టీల్ గ్రేడును ఎంచుకోవడం: సమగ్ర మార్గదర్శి

తనపై ఏర్పడే తుప్పు పొరే తనకు రక్షణగా నిలిచే వెదరింగ్ స్టీల్ అనే ఉక్కును వాడదలచినవారు సాధారణంగా మొదట వేసే ప్రశ్న "ఏ గ్రేడు తుప్పును ఎక్కువగా తట్టుకుంటుంది?" అన్నది. ఆ ప్రశ్నకు సమాధానం దొరికినా నిర్మాణానికి ఒరిగేది తక్కువ, ఎందుకంటే వాడుకలో ఉన్న గ్రేడుల మధ్య తుప్పు విషయంలో కనిపించే తేడా కంటే, ఒకే ప్లేటు గాలి ఆడి ఎండే చోట ఒక రకంగానూ, నీరు నిలిచే మూలలో మరొక రకంగానూ ప్రవర్తించడంలో ఉన్న తేడా చాలా పెద్దది. గ్రేడులు నిజంగా వేరుపడేది మందంలో, బలంలో, చలిలో పెళుసుబారకుండా నిలిచే గుణంలో, వెల్డింగుకు లొంగే తీరులో. అందువల్ల ఈ మార్గదర్శిలో ముందు స్థలం, తరువాత మందం, ఆ తరువాతే గ్రేడు పేరు వస్తాయి. చివరికి అతుకులు, నీటి దారులు, ఆర్డరు పత్రం వస్తాయి.

ఈ ఉక్కు పని చేసే తీరును ముందుగా కొద్దిగా తెలుసుకోవాలి. మామూలు ఉక్కు మీద పుట్టే తుప్పు గుల్లగా ఉంటుంది. దాని సందుల గుండా నీరు, ఆక్సిజన్ లోపలికి చేరుతూనే ఉంటాయి కాబట్టి లోహం తరుగుతూనే ఉంటుంది. వెదరింగ్ స్టీల్‌లో కొద్ది మోతాదులో రాగి, క్రోమియం, నికెల్, సిలికాన్, కొన్ని గ్రేడుల్లో భాస్వరం కూడా ఉంటాయి. ఉపరితలం తడిసి, పూర్తిగా ఆరి, మళ్లీ తడిసే క్రమం కొన్నేళ్లు సాగితే, ఈ మూలకాల వల్ల లోహాన్ని అంటిపెట్టుకుని చాలా సన్నని రేణువులతో కూడిన గోథైట్ పొర ఒకటి దట్టంగా ఏర్పడుతుంది. ఆ పొర ఏర్పడ్డాక తరుగుదల ఆగిపోదు, బాగా నెమ్మదిస్తుంది. ఈ ప్రక్రియకు ఆరడం తడవడమంత అవసరం. ఎప్పుడూ తేమగా ఉండే చోట ఈ ఉక్కుకు మామూలు ఉక్కుపై చెప్పుకోదగ్గ ఆధిక్యం ఏదీ ఉండదు. ఉప్పు చేరే చోట పరిస్థితి ఇంకా చెడుతుంది: క్లోరైడు సమక్షంలో అకగనైట్ అనే మరో రకం తుప్పు పుట్టి పొరను వదులు చేస్తుంది.

మొదటి దశ: స్థలం ఈ ఉక్కును ఒప్పుకుంటుందా?

గ్రేడుల పట్టిక తెరవకముందే ఈ పరీక్ష జరగాలి. చూడవలసినవి మూడు: గాలిలోని ఉప్పు, పారిశ్రామిక వాయువులు, తడిగా ఉండే కాలం.

ఉప్పు విషయంలో బ్రిటన్ వంతెనల మార్గదర్శకాలు రోజుకు చదరపు మీటరుకు 300 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు చేరే చోట రంగు వేయని వెదరింగ్ స్టీల్ వాడవద్దని చెబుతాయి; సల్ఫర్ డయాక్సైడుకు ఆ హద్దు 200 మిల్లీగ్రాములు. జపాన్ హద్దు చాలా కఠినం: వంద చదరపు సెంటీమీటర్లకు రోజుకు 0.05 మిల్లీగ్రాముల ఉప్పు దాటితే మామూలు వెదరింగ్ గ్రేడులను రంగు లేకుండా వాడరు. రెండు దేశాల కొలత పద్ధతులు ఒకటి కావు కనుక ఈ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఏ దేశపు హద్దును తీసుకుంటే ఆ దేశపు కొలత పద్ధతినే పాటించాలి. సముద్రం నుంచి రెండు కిలోమీటర్లన్న లెక్క తరచుగా వినిపిస్తుంది గానీ అది అనుమానం మొదలు కావలసిన దూరమే తప్ప అభయం ఇచ్చే దూరం కాదు. గాలి దిశ, ఎత్తుగడ్డలు, అలలు విరిగే తీరు దాన్ని పెంచనూ వచ్చు, తగ్గించనూ వచ్చు.

హోనొలులులో 1975లో తెరిచిన అలోహా స్టేడియం దీనికి తెలిసిన ఉదాహరణ. తుప్పు పొర తానే రక్షణ కల్పిస్తుందన్న నమ్మకంతో కట్టిన ఆ కట్టడాన్ని సముద్రపు గాలి కుదురుకోనివ్వలేదు. ఏళ్ల తరబడి మరమ్మతులు, రంగుల పని తప్పలేదు. ఉప్పు సముద్రం నుంచే రానక్కరలేదు. చలికాలంలో మంచు కరిగించడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు వంతెన కీళ్ల గుండా కారి గర్డర్ల (వంతెనను మోసే దూలాల) చివరలను తినేయడంతో అమెరికాలోని మిచిగన్ రాష్ట్ర రహదారుల శాఖ 1980లో రంగు వేయని వెదరింగ్ స్టీల్ వంతెనలను నిలిపివేసింది. ఆ ఉక్కు గ్రేడు తప్పు కాదు. దానిమీద పడిన నీరే వేరు.

తడి విషయంలో స్థలానికి వెళ్లి చూడడమే మేలు. నిలవ నీటికి దగ్గరగా, చెట్ల నీడలో, గాలి ఆడని లోయలో, లేదా శీతలీకరణ గోపురాల ఆవిరి తగిలే చోట నిర్మాణం ఉంటుందా అన్నది పరిశీలించాలి. వంతెన గర్డరు అడుగుకూ నీటి మట్టానికీ మధ్య కనీసం రెండున్నర మీటర్ల ఖాళీ ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. అమెరికా సమాఖ్య రహదారుల శాఖ 1989 సలహాపత్రం కదిలే నీటికి సుమారు ఆ ఎత్తునే, కదలని నీటికి మూడు మీటర్లను హెచ్చరిక హద్దులుగా పెట్టింది. మట్టిలో పాతిపెట్టే భాగాలకు, నీట మునిగే భాగాలకు ఏ వెదరింగ్ గ్రేడూ రంగు లేకుండా పనికిరాదు.

ఈ పరీక్షలో స్థలం తప్పితే నాలుగు దారులున్నాయి: మామూలు ఉక్కుకు రంగు వేయడం, గాల్వనైజ్ చేయడం (జింకు పూత వేయడం), వెదరింగ్ స్టీల్‌కే రంగు వేయడం, లేదా సుమారు 11 శాతం క్రోమియం ఉన్న, అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి ఏ709 గ్రేడు 50సీఆర్ వంటి ఉక్కుకు వెళ్లడం. ఈ చివరిది ఒకప్పుడు ఏ1010 పేరుతో ఉండేది. అది వెదరింగ్ స్టీల్‌కూ స్టెయిన్‌లెస్‌కూ మధ్య నిలిచే ఉక్కు, ఖరీదు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. జపాన్‌లో నికెల్‌ను సుమారు 3 శాతానికి పెంచిన తీరప్రాంతపు రకాలు కూడా తయారవుతున్నాయి. నిర్మాణం పూర్తయ్యాక స్థలంతో రాజీపడడం కంటే ఈ దశలోనే వెనక్కి తగ్గడం చౌక.

రెండో దశ: ఆకారం, మందం

స్థలం ఒప్పుకున్నాక తేల్చవలసింది మీకు కావలసింది షీటా, ప్లేటా, రోల్ చేసిన సెక్షనా (దూలం వంటి ఆకారం), గొట్టమా అన్నది. సగం ఎంపిక ఇక్కడే ముగిసిపోతుంది.

సుమారు ఆరు మిల్లీమీటర్ల లోపు షీటుకు అమెరికా ప్రమాణాల్లో ఏ606 వర్తిస్తుంది. ఇందులో టైపు సంఖ్యను తప్పక రాయాలి. టైపు 2 అంటే రాగి మాత్రమే కలిపిన ఉక్కు. రంగు లేకుండా వదిలేసే పనికి అడగవలసింది టైపు 4. పత్రంలో "ఏ606" అని మాత్రమే రాస్తే సరఫరాదారు టైపు 2 పంపినా తప్పు పట్టలేరు.

నిర్మాణ ప్లేట్లకు, సెక్షన్లకు ఏ588, వంతెనలకు ఏ709 గ్రేడు 50డబ్ల్యూ వాడతారు. ఈ రెండూ రసాయనికంగా దాదాపు ఒకే ఉక్కు. రెండో దాంట్లో వంతెనలకు కావలసిన దెబ్బ తట్టుకునే పరీక్షలను గ్రేడు పేరులోనే అడిగే ఏర్పాటు ఉంటుంది. చల్లగా మడిచి వెల్డు చేసిన గొట్టాలకు ఏ847, స్తంభాల వంటి వాటికి ఏ871 ఉన్నాయి. ఐరోపాలో ఇవన్నీ ఈఎన్ 10025-5 కిందికి, జపాన్‌లో జేఐఎస్ జీ 3114, జీ 3125 కిందికి, భారతదేశంలో ఐఎస్ 11587 కిందికి వస్తాయి. "కార్టెన్" అన్నది ప్రమాణం పేరు కాదు. అమెరికా ఉక్కు సంస్థ యూఎస్ స్టీల్ 1933లో బయటికి తెచ్చిన వాణిజ్య నామం. కార్టెన్‌కు సమానం అన్న మాట ఒక్కటే ఉన్న కొటేషన్‌ను ప్రమాణం సంఖ్య వచ్చేదాకా పక్కన పెట్టడం మంచిది.

పలుచని షీటు గురించి ఒక హెచ్చరిక అవసరం. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల షీటును పైకప్పుకో, గోడ తొడుగుకో వాడాలన్న ఉత్సాహం తరచుగా కనిపిస్తుంది. తుప్పు పొర స్థిరపడకముందు పోయే కొద్ది లోహం కూడా అంత పలుచని షీటుకు పెద్ద నష్టమే; పైగా ఒకదానిపై ఒకటి ఎక్కే అంచుల మధ్య తేమ నిలుస్తుంది. పైకప్పులకు, తొడుగులకు ఈ ఉక్కును సిఫార్సు చేయబోమని కార్టెన్ తయారీదారే చెబుతూ వచ్చింది. తొడుగు తప్పదనుకుంటే మందాన్ని పెంచి, వెనక గాలి ఆడే ఖాళీ ఉంచి, అంచులు ఒకదానినొకటి ఒరుసుకోకుండా తెరిచిన కీళ్లతో కట్టాలి.

మూడో దశ: భాస్వరం ఎక్కువున్న వర్గమా, తక్కువున్న వర్గమా?

అసలైన ఎంపిక ఇదే. దేశం, ప్రమాణం ఏదైనా వెదరింగ్ స్టీల్ ప్రధానంగా రెండు వర్గాలుగా చీలుతుంది.

మొదటి వర్గంలో భాస్వరం సుమారు 0.07 నుంచి 0.15 శాతం వరకు ఉంటుంది. కార్టెన్ ఏ, ఏఎస్‌టీఎం ఏ242 టైపు 1, ఐరోపా ఎస్355జె0డబ్ల్యూపీ, ఎస్355జె2డబ్ల్యూపీ, జపాన్ ఎస్‌పీఏ-హెచ్ ఈ వర్గానివి. భాస్వరం తుప్పు పొర త్వరగా దట్టపడడానికి బాగా తోడ్పడుతుంది, కానీ ఉక్కును పెళుసుబారుస్తుంది. చలిలో ఆ దోషం పెరుగుతుంది, వెల్డు గట్టిపడేటప్పుడు వేడి పగుళ్లకు అవకాశమిస్తుంది. అందుకే ఈఎన్ 10025-5 డబ్ల్యూపీ గ్రేడులను ప్లేట్లలో 12 మిల్లీమీటర్లకు, సెక్షన్లలో 40 మిల్లీమీటర్లకు పరిమితం చేసింది. ఏ242కూ మందం పెరిగేకొద్దీ ఈల్డ్ బలం (శాశ్వతంగా వంగిపోకుండా ఉక్కు తట్టుకునే ఒత్తిడి) తగ్గుతుంది: 20 మిల్లీమీటర్ల వరకు 345 మెగాపాస్కల్స్, 40 వరకు 315, ఆపైన 290.

రెండో వర్గంలో భాస్వరాన్ని సుమారు 0.03 శాతం దగ్గర ఆపి, క్రోమియం, మాంగనీస్, కొద్దిగా వెనేడియంతో బలాన్ని సాధిస్తారు. కార్టెన్ బి, ఏ588, ఏ709-50డబ్ల్యూ, ఎస్355జె2డబ్ల్యూ, జపాన్ ఎస్ఎంఏ వర్గం ఇవి. ఏ588 ఈల్డ్ బలం 100 మిల్లీమీటర్ల మందం వరకు 345 మెగాపాస్కల్స్‌గా నిలుస్తుంది.

నా అభిప్రాయంలో నియమం సులభం. భారం మోసే ఏ భాగానికైనా, బహుళ పొరల వెల్డింగు ఉన్న ఏ భాగానికైనా రెండో వర్గాన్నే తీసుకోవాలి. పలుచని తొడుగు పలకలు, తెరలు, మొక్కల తొట్లు, శిల్పాల చర్మం, పొగగొట్టాల కవచాల వంటి భారం లేని పనులకు మొదటి వర్గం సరిపోవడమే కాక తుప్పు రంగు త్వరగా కుదురుతుంది. సరుకు రవాణా కంటైనర్ల పలుచని గోడలు కూడా ఈ వర్గపు ఉక్కుతోనే తయారవుతాయి, అయితే వాటికి పైన రంగు వేస్తారు. భాస్వరం ఎక్కువ కాబట్టి తుప్పు తక్కువ, కాబట్టి స్తంభాలకూ అదే వాడదామన్న వాదన వినిపించినప్పుడు 12 మిల్లీమీటర్ల హద్దును గుర్తు చేయాలి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఐరోపా పేరు చివర వచ్చే "పీ" ఎక్కువ భాస్వరానికి గుర్తు. జపాన్ ఎస్ఎంఏ గ్రేడుల చివర వచ్చే "పీ" అంటే రంగు వేసి వాడవలసిన రకమని. దాంట్లో రాగి, క్రోమియం తక్కువగా ఉంటాయి. జపాన్ గ్రేడుల్లో రంగు లేకుండా వదిలేయడానికి తీసుకోవలసింది "డబ్ల్యూ" ఉన్నది. రెండు ప్రమాణాలతో పని చేసే కొనుగోలు విభాగాల్లో ఈ ఒక్క అక్షరం తారుమారైతే సరుకు మొత్తం తప్పుది వస్తుంది.

నాలుగో దశ: బలం, చలిలో నిలిచే గుణం

బయటి నిర్మాణాల్లో ఎక్కువ వాటికి 345 లేదా 355 మెగాపాస్కల్స్ తరగతి చాలు. పొడవైన స్పానుల వంతెనలకు బరువు తగ్గించాలనుకుంటే 485 మెగాపాస్కల్స్ ఈల్డ్ బలమున్న హెచ్‌పీఎస్ 70డబ్ల్యూ ఉంది. దాన్ని అమెరికాలో 1990లలో సమాఖ్య రహదారుల శాఖ, నౌకాదళం, ఉక్కు తయారీదారుల సంఘం కలిసి అభివృద్ధి చేశాయి. బలం పెంచితే వంపు తగ్గదన్న సంగతి మరవకూడదు. పాదచారుల వంతెన ఊగుతోందంటే దానికి విరుగుడు అధిక బలమున్న గ్రేడు కాదు.

పేరులోని చివరి అక్షరాలే దెబ్బ తట్టుకునే గుణాన్ని చెబుతాయి. ఐరోపా గ్రేడుల్లో జె0 అంటే సున్నా డిగ్రీల వద్ద దెబ్బ పరీక్షలో కనీసం 27 జౌళ్ల శక్తిని తట్టుకునేది, జె2 అంటే మైనస్ 20 డిగ్రీల వద్ద 27 జౌళ్లు, కె2 అంటే అదే ఉష్ణోగ్రత వద్ద 40 జౌళ్లు. ఎస్355జె0డబ్ల్యూ, ఎస్355జె2డబ్ల్యూల మధ్య తుప్పులో తేడా లేదు. తేడా అంతా ఇక్కడే. నిర్మాణం ఎన్నడూ గడ్డకట్టే చలి చూడని ప్రాంతంలో, స్థిరమైన భారంతో, పలుచని ప్లేటుతో ఉంటే జె0 చాలు. మందం, లాగుడు ఒత్తిడి, పదే పదే మారే భారం, చలి అనే నాలుగింటిలో ఏ రెండు కలిసినా జె2కు వెళ్లాలి.

ఏ588లో ఈ పరీక్ష మామూలుగా చేయరు. విడిగా అడిగితేనే చేస్తారు. ఏ709లో 50డబ్ల్యూ తరువాత "టి" అని రాస్తే లాగుడుకు గురయ్యే భాగాలకు, "ఎఫ్" అని రాస్తే విరిగితే వంతెనే కూలే కీలక భాగాలకు ఈ పరీక్ష జరుగుతుంది. దాని పక్కన 1, 2, 3 అని రాసే అంకె చలి మండలాన్ని సూచిస్తుంది: మొదటిది మైనస్ 18 డిగ్రీల వరకు, రెండోది మైనస్ 34 వరకు, మూడోది మైనస్ 51 వరకు.

అయిదో దశ: సర్టిఫికెట్‌లోని అంకెలతో లెక్క వేయడం

గ్రేడు పేరు ఒక పరిధిని మాత్రమే ఇస్తుంది. ఆ పరిధిలో మీ ప్లేటు ఎక్కడుందో మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ (ఉక్కు మిల్లు ఇచ్చే పరీక్ష పత్రం) చెబుతుంది. ఏఎస్‌టీఎం జీ101 ప్రమాణం తుప్పును తట్టుకునే గుణానికి ఒక సూచిక ఇచ్చింది. రాగి శాతాన్ని 26.01తో, నికెల్‌ను 3.88తో, క్రోమియాన్ని 1.20తో, సిలికాన్‌ను 1.49తో, భాస్వరాన్ని 17.28తో గుణించి కూడాలి. దాని నుంచి రాగి, నికెల్ లబ్ధాన్ని 7.29తో, నికెల్, భాస్వరం లబ్ధాన్ని 9.10తో, రాగి శాతాన్ని దానితోనే గుణించగా వచ్చిన వర్గాన్ని 33.39తో గుణించి వచ్చినవి తీసివేయాలి. ఫలితం 6.0 లేదా ఆపైన ఉండాలి.

ఒక ఏ588 ప్లేటు సర్టిఫికెట్‌లో రాగి 0.30, నికెల్ 0.20, క్రోమియం 0.50, సిలికాన్ 0.40, భాస్వరం 0.015 అని ఉందనుకుందాం. కూడికలు వరుసగా 7.80, 0.78, 0.60, 0.60, 0.26, మొత్తం సుమారు 10.03. తీసివేతలు 0.44, 0.03, 3.01. మిగిలేది 6.56. అదే ప్లేటులో భాస్వరం మాత్రం 0.10 అయి ఉంటే సూచిక 7.88 అవుతుంది. రాగి, నికెల్ 0.02 చొప్పున, క్రోమియం 0.03, సిలికాన్ 0.20, భాస్వరం 0.015 ఉన్న మామూలు ఉక్కుకు ఇదే లెక్క సుమారు 1.2 ఇస్తుంది. మొదటి రెండు అంకెలు దగ్గరదగ్గరగా, మూడోది చాలా దూరంగా ఉండడం గమనించండి. వెదరింగ్ వర్గాల్లో ఏది అన్న చర్చ కంటే వచ్చిన సరుకు అసలు వెదరింగ్ స్టీలేనా అన్న తనిఖీకి ఈ లెక్క ఎక్కువ ఉపయోగపడుతుంది. ఉప్పుగాలిలో ఏమవుతుందో ఈ సూచిక చెప్పదు. దాన్ని అక్కడికి లాగి వాడకూడదు.

అదే సర్టిఫికెట్‌తో వెల్డింగు లెక్క కూడా చూసుకోవాలి. కార్బన్ 0.14, మాంగనీస్ 1.10, వెనేడియం 0.04 అయితే కార్బన్ తుల్యాంకం (వెల్డు దగ్గర ఉక్కు గట్టిపడి పగిలే అవకాశాన్ని సూచించే అంకె) సుమారు 0.46 వస్తుంది. ఈఎన్ 10025-5 ఎస్355 వెదరింగ్ గ్రేడులకు 0.52 వరకు అనుమతిస్తుంది. సాధారణ ఎస్355జె2కు 30 మిల్లీమీటర్ల మందం వరకు ఉన్న హద్దు 0.45. అంటే సమాన బలమున్న మామూలు ఉక్కు కంటే వెదరింగ్ స్టీల్ మందమైన ప్లేట్లలో వెల్డుకు ముందు ప్లేటును కొంచెం ఎక్కువగా వేడి చేయమని కోరవచ్చు. ఈ సంగతి వెల్డింగు షాపుకు ముందే తెలియాలి.

ఆరో దశ: పోయే లోహానికి చోటు ఉంచడం

పొర ఏర్పడేలోగా, ఆ తరువాత దశాబ్దాల పాటు నెమ్మదిగా పోయే మందాన్ని డిజైన్‌లోనే కలపాలి. బ్రిటన్ పద్ధతి 120 ఏళ్ల ఆయువుకు బయటికి తెరిచి ఉన్న ఒక్కో ముఖానికి సాధారణ వాతావరణంలో 1.0 మిల్లీమీటరు, కఠిన వాతావరణంలో 1.5 మిల్లీమీటర్లు, మూసిన పెట్టె గర్డరు లోపలి ముఖానికి 0.5 మిల్లీమీటరు కలపమంటుంది. లెక్కకు 10 మిల్లీమీటర్లు కావలసిన వెబ్ ప్లేటు (గర్డరులోని నిలువు పలక) రెండు వైపులా గాలికి తెరిచి ఉంటే 12 మిల్లీమీటర్లు ఆర్డరు చేయాలి. పెట్టె గర్డరు గోడకైతే 11.5 చాలు, కొనేటప్పుడు అది 12 అవుతుంది. ఫిల్లెట్ వెల్డుల (రెండు పలకలు కలిసే మూలలో వేసేవాటి) పరిమాణానికి కూడా ఈ తరుగును కలపాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఏడో దశ: బోల్టులు, వెల్డులు

ప్లేటు సరైనదై, బోల్టు వేరైతే గ్రేడు ఎంపికంతా వృథా. అమెరికా పద్ధతిలో ఏ325, ఏ490 బోల్టుల్లో టైపు 3 అన్నది వెదరింగ్ రకం. నట్లు, వాషర్లు కూడా అదే రకం కావాలి. గాల్వనైజ్ చేసిన బోల్టులు వాడితే వాటి జింకు చుట్టూ ఉన్న ఉక్కు కోసం తాను కరిగిపోతుంది, తరువాత మామూలు ఉక్కు బోల్టు మిగులుతుంది.

బోల్టుల మధ్య దూరం మామూలు కట్టడాల కంటే ఇక్కడ ఎక్కువ ముఖ్యం. రెండు ప్లేట్ల సందులోకి నీరు చొరబడి అక్కడ తుప్పు పెరిగితే, ఆ తుప్పు ఆక్రమించే చోటు పోయిన లోహం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కావడం వల్ల ప్లేట్లను నెట్టి వంచేస్తుంది, కొన్నిసార్లు బోల్టునే తెంపుతుంది. దీన్ని ఆపడానికి బోల్టుల మధ్య దూరం పలుచని ప్లేటు మందానికి 14 రెట్లను గానీ 180 మిల్లీమీటర్లను గానీ, అంచు నుంచి దూరం మందానికి 8 రెట్లను గానీ 125 మిల్లీమీటర్లను గానీ, ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. పది మిల్లీమీటర్ల కవర్ ప్లేటుకు అంటే బోల్టుల మధ్య 140, అంచుకు 80. కీలు వరుసలో రెండే బోల్టులు చాలని బలం లెక్క చెప్పినా, సందు మూసుకోవడానికి మూడోది పెట్టవలసి రావచ్చు.

వెల్డింగులో ఒక పొరతో ముగిసే చిన్న ఫిల్లెట్లకు మామూలు ఎలక్ట్రోడు వాడవచ్చు, ఎందుకంటే కరిగిన మూల లోహం నుంచి రాగి, క్రోమియం వెల్డులోకి కలుస్తాయి. బహుళ పొరల వెల్డుల్లో లోపలి పొరలు మామూలు ఎలక్ట్రోడుతో వేసినా, బయటికి కనిపించే పై పొరలను ఈ8018-డబ్ల్యూ2 వంటి వెదరింగ్ ఎలక్ట్రోడుతో ముగించాలి. లేకపోతే ఏళ్లు గడిచాక వెల్డు గీత రంగులో తేడాగా కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, చుట్టూ ఉన్న లోహం కంటే ముందుగా తరుగుతుంది. అడపాదడపా వేసే తునక వెల్డులు వద్దు. వాటి మధ్య మిగిలే సందులు నీటిని పట్టుకుంటాయి.

ఎనిమిదో దశ: నీటికి దారి, ఉపరితలానికి సిద్ధత

ఏ ఆకారం నీటిని, దుమ్మును, రాలిన ఆకులను నిలిపి ఉంచుతుందో గీతల మీదే వెతకాలి. పైకి తెరిచిన చానెళ్లు, బిగువుగా ఉన్న మూలలు, అడ్డంగా పడుకున్న ఫ్లేంజి (గర్డరు పైన, కింద ఉండే వెడల్పు పలక) మీది స్టిఫెనర్లు (బిగువు కోసం వెల్డు చేసే అడ్డ పలకలు) అలాంటివి. స్టిఫెనర్ మూలలో నీరు కారిపోవడానికి కోత ఇవ్వాలి. గొట్టాలను పూర్తిగా గాలి చొరకుండా మూసేయాలి, లేదా అడుగున రంధ్రం పెట్టి గాలి ఆడనివ్వాలి, మధ్యేమార్గం లేదు. స్తంభం పాదం కాంక్రీటులోకి దిగే చోట, మట్టిని తాకే చోట రంగు తప్పనిసరి. మొక్కల తొట్టిలో మట్టి వైపు కూడా అంతే.

వంతెనల్లో విస్తరణ కీలు ఉంటే, దానికి అటూ ఇటూ గర్డరు లోతుకు ఒకటిన్నర రెట్ల మేర రంగు వేయడం అమెరికా పద్ధతి. కీలు లేని వంతెన దీనికంటే మంచి పరిష్కారం.

తుప్పు నీరు కారే తొలి ఏళ్లలో కింద ఉన్న కాంక్రీటు, రాయి, గాజు మరకలు పడతాయి. పిట్స్‌బర్గ్‌లో 1970 ప్రాంతంలో కట్టిన యూఎస్ స్టీల్ భవనం చుట్టుపక్కల కాలిబాటల మీద ఆ మరకలు పడ్డాయి. ఫ్లేంజి అడుగున డ్రిప్ పలకలు వెల్డు చేసి నీటిని స్తంభం తల మీదికి చేరకుండా ముందే రాల్చాలి, కింద గులకరాళ్ల కాలువ పెట్టాలి. తుప్పు రంగు సమానంగా రావాలంటే మిల్ స్కేల్‌ను (మిల్లులో వేడి ఉక్కు మీద ఏర్పడిన పొరను) బ్లాస్టింగుతో, అంటే గరుకు రేణువులను వేగంగా చిమ్మి, పూర్తిగా తీసేయాలి. నూనె మరకలు, సుద్ద గుర్తులు, టేపు జిగురు ఏళ్ల తరబడి కనిపిస్తాయి. పొర కుదరడానికి సాధారణంగా రెండు నుంచి అయిదేళ్లు పడుతుంది. ఉప్పు కలిపిన ద్రావణాలతో తొందరపెట్టే పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. వాటి వల్ల వచ్చేది రంగే తప్ప రక్షణ పొర కాదు, మిగిలే క్లోరైడు మాత్రం నిజమైనది. శుభ్రమైన నీటితో తడిపి పూర్తిగా ఆరనివ్వడమే సరైన తొందర.

తొమ్మిదో దశ: ఆర్డరు, రాక, తరువాతి తనిఖీ

ఆర్డరు పత్రంలో ప్రమాణం సంఖ్య, దాని సంచిక, పూర్తి గ్రేడు, మందం, దెబ్బ పరీక్ష ఉష్ణోగ్రత, జీ101 సూచిక 6.0కు తగ్గరాదన్న షరతు, ఈఎన్ 10204 టైపు 3.1 సర్టిఫికెట్ విడివిడిగా రాయాలి. సరుకు వచ్చాక ప్లేటు మీది హీట్ నంబరు (ఒకే విడత కరిగించిన ఉక్కుకు ఇచ్చే సంఖ్య) సర్టిఫికెట్‌తో సరిపోవాలి. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే విశ్లేషణ యంత్రం రాగి, క్రోమియం, నికెల్‌లను నిమిషంలో చూపుతుంది గానీ కార్బన్‌ను చూపలేదు. కార్బన్, భాస్వరం రెండూ నిర్ధారించాలంటే స్పార్క్ స్పెక్ట్రోమీటర్ పరీక్ష చేయించాలి. ప్లేటు కోసిన ముక్కలకు హీట్ నంబరును మళ్లీ కొట్టించడం మరవకూడదు, ఎందుకంటే షాపులో మామూలు ఉక్కు ముక్క, వెదరింగ్ ముక్క పక్కపక్కన పడి ఉంటే తొలి నెలల్లో రెండూ ఒకే నారింజ రంగులో తుప్పుపడతాయి.

నిర్మాణం నిలబడ్డాక ఏడాదికి ఒకసారైనా చేయి తాకించి చూడాలి. మొదట్లో పసుపు నారింజ పొడి అంటుకోవడం సహజం. తరువాత ముదురు గోధుమ రంగులోకి మారి, చేతికి సన్నని రవ్వలా మాత్రమే తగిలితే పొర కుదురుతున్నట్టు. పెద్ద రేకులు ఊడినా, పొరలు పొరలుగా తుప్పు లేచినా, నల్లబడి తడిగా ఉన్నా అక్కడికి నీరు ఎటు నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి. సుత్తితో గీకి, అల్ట్రాసోనిక్ మీటరుతో మిగిలిన మందం కొలిచి, ఆరో దశలో ఉంచిన అదనపు మందంతో పోల్చాలి. నీటిని ఆపలేని చోట ఆ భాగాన్ని బ్లాస్టింగు చేసి, ఉప్పు పోయేలా కడిగి రంగు వేయాలి, మిగతా నిర్మాణాన్ని రంగు లేకుండానే ఉంచవచ్చు.